మందుల లెక్క, మనుషుల లెక్క

మిర్చి కోతలు ముమ్మరమైన దినాలలో గుంటూరు మార్కెట్ యార్డుకు పగలూ రాత్రీ తేడా ఉండదు. పల్నాటి నల్లరేగడి నుండి, ప్రకాశం మెట్టల నుండి తరలివచ్చే ప్రతి టిక్కీకీ ఒక లెక్క ఉన్నది. అది ఏ రైతు సరుకు, ఏ కమిషన్ వ్యాపారి కొట్టులో దిగింది, కాటాకు ఎంత తూగింది, ఏ ధర పలికింది, అమ్ముడుపోనిది ఏ శీతల గిడ్డంగికి చేరింది అన్న ప్రశ్నలకు సాయంకాలానికల్లా సమాధానం దొరుకుతుంది. గిడ్డంగివారు ఇచ్చిన రసీదును చూచి బ్యాంకువారు అప్పు సైతం ఇస్తారు. ఒక్క కాగితంలోని లెక్కను రైతు, వ్యాపారి, గిడ్డంగి యజమాని, బ్యాంకు అధికారి నలుగురూ నమ్ముతారు.

ఇదే నేల మీద, చక్కెర వ్యాధికి నిత్యం వాడవలసిన ఒక చిన్న మాత్ర ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నది, ఎక్కడ నిండుకున్నది, ఎక్కడ గడువు తీరిపోనున్నది అని అడిగి చూడండి. ఎక్కడో ఒక కంప్యూటరులో ఆ సమాధానం ఉండనే ఉన్నది. కాని ఆ మాత్రను మింగవలసిన మనిషికి ఆ సమాధానం చెప్పగలవారు కానరారు. ఎండుమిర్చికి దక్కిన లెక్క రోగికి ఎందుకు దక్కలేదు? ఈ ప్రశ్నే మా చేత ఈ వ్యాసం వ్రాయించుచున్నది.

మాలో ఒకరి నానీమాగారు రక్తపోటు మాత్రల కోసం తమ ఊరి ఆరోగ్య కేంద్రానికి ఒకే నెలలో మూడుమార్లు నడిచి వెళ్ళారు. మూడవమారు అక్కడి ఫార్మసిస్టు తలవంచుకుని, “అమ్మా, ఇండెంటు పెట్టాను, ఇంకా రాలేదు, నన్నేం చేయమంటారు?” అన్నారట. ఆయన బల్ల మీద స్టాకు రిజిస్టరు, పక్కన రోజువారీ పంపిణీ పుస్తకం, ఎదుట కంప్యూటరు, చేతిలో రెండు మూడు యాప్‌లు ఉన్న ఫోను. అవే మాత్రలు పక్క మండలంలోని కేంద్రంలో గడువు దగ్గరపడి పెట్టెలలో మూలుగుతున్నాయని తరువాత ఎవరో చెప్పగా తెలిసింది. ఆ ఫార్మసిస్టుగారిని మేము నిందించబోము. ఆయన తన లెక్క తాను సక్రమంగానే వ్రాశారు. పక్క కేంద్రంవారూ తమ లెక్క తాము సక్రమంగానే వ్రాశారు. రెండు లెక్కలూ ఒకదాని మొగం ఒకటి చూడకపోవడమే ఇక్కడి దోషం. ఎవరికి వారే యమునా తీరే అన్న సామెతకు ఇంతకన్న తార్కాణం మరొకటి వెదకనక్కరలేదు.

నేడు మన వైద్యరంగంలో కంప్యూటరు లెక్కలకు కొదువ లేదు. ప్రభుత్వ ఆసుపత్రులకు మందుల పంపిణీ లెక్కను ‘ఈ-ఔషధి’ అనే వ్యవస్థ చూస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీడాక్ దీనిని రూపొందించింది. రాష్ట్రంలో మందుల కొనుగోలు బాధ్యత వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థది. క్షయ రోగుల వివరాలకు 2012లో ‘నిక్షయ్’ వచ్చింది. క్షయ మందుల నిల్వలకు వేరుగా ‘నిక్షయ్ ఔషధి’ ఉన్నది. టీకాల నిల్వకూ, అవి ఉండవలసిన చల్లదనానికీ 2015 నుండి ‘ఈవిన్’ అనే ఏర్పాటు విస్తరించింది. ఆరోగ్య కేంద్రాల నెలసరి నివేదికలకు మరొక వ్యవస్థ ఉన్నది. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద పౌరునికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఇస్తున్నారు. ఒక్కొక్కటీ ఒక్కొక్క అవసరం కొరకు పుట్టినదే, దేనినీ దండుగ అనలేము. కాని ఈ వ్యవస్థలలో కొన్నింటికి మందు తెలుసు, మనిషి తెలియడు. మరికొన్నింటికి మనిషి తెలుసు, మందు తెలియదు. వీటిని కలపాలని అందరూ అంటున్నారు. ఎంతవరకు కలపాలి, ఎక్కడ ఆగాలి అని మాత్రం అడిగేవారు తక్కువ. హద్దు రాళ్ళు పాతకుండా పొలం దున్నబోతే తగవులే పండుతాయని రైతుబిడ్డలమైన మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

అసలు కలపవలసిన అగత్యం ఏమిటో ముందు చూద్దాం. ఒక ఆరోగ్య కేంద్రం పరిధిలో 120 మంది చక్కెర వ్యాధిగ్రస్తులు రోజుకు రెండు మాత్రల చొప్పున వాడవలసి ఉన్నదనుకుందాం. దినానికి 240, నెలకు 7,200 మాత్రలు కావాలి. ఒక నెలలో సరఫరా ఆలస్యమై 20 దినాలు మాత్రలు లేకపోయినవి. మిగిలిన 10 దినాలలో 2,400 మాత్రలు పంచారు. మందుల లెక్కకు రోగుల లెక్కతో సంబంధం లేకపోతే, పుస్తకంలో ‘ఈ నెల వాడకం 2,400’ అని మాత్రమే నమోదవుతుంది. గడచిన వాడకాన్ని బట్టి రాబోయే ఇండెంటు నిర్ణయించినప్పుడు ఆ 2,400 సంఖ్యే అవసరంగా మారి కూర్చుంటుంది. కొరత తనను తానే లెక్కగా వ్రాయించుకుంటుంది! రోగులు అక్కరలేక తీసుకోలేదా, లేక వచ్చి వట్టి చేతులతో తిరిగిపోయారా అన్నది ఆ పుస్తకం చెప్పలేదు. రోగుల పట్టిక పక్కనే ఉండి ఉంటే, 120 మందికి 2,400 ఎట్లా సరిపోయినవని ప్రశ్న పుట్టేది.

వాడకం లెక్క వెనుకకు చూస్తుంది, రోగుల లెక్క ముందుకు చూస్తుంది. క్షయవ్యాధిలో ఇది మరింత స్పష్టం. మందులకు లొంగే సామాన్య క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తదుపరి నాలుగు నెలలు మూడు మందులు. కనుక నేడు ఎందరు చికిత్స ప్రారంభించారో తెలిస్తే రాబోయే ఆరు నెలలకు ఏ మందు ఎంత కావాలో వేళ్ళ మీద లెక్కించవచ్చు. నడుమ మానివేస్తే వ్యాధి మందులకు లొంగని రూపం దాల్చే ప్రమాదం ఉన్నది. ఆ రూపం ఇంటిల్లిపాదికీ, వాడకట్టుకూ వ్యాపించగలదు. 2024 మార్చిలో క్షయ మందులను మూడు నెలల కాలానికి స్థానికంగా కొనుక్కోవలసిందని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు వ్రాయవలసి వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు, 2022 జూలైలో ఢిల్లీలోని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ఎదుట హెచ్.ఐ.వి.తో జీవించే వారు మందుల కొరతపై వారాల తరబడి నిరసన సాగించారు. తమ మాత్రల కోసం మనుషులు వీధికెక్కి తమ వ్యాధిని లోకానికి చాటుకోవలసి రావడం కన్న విచారకరమైన విషయం ఏమున్నది?

మన గుంటూరు, ప్రకాశం మైదానాలకు మరొక ప్రత్యేకత కూడా కలదు. పత్తి తీతకు, మిర్చి కోతకు కర్నూలు పడమటి మండలాల నుండి కుటుంబాలకు కుటుంబాలే ఇక్కడికి వస్తాయి. వారు దానిని సుగ్గి అంటారు. చంటిపిల్లలతో, వృద్ధులతో వచ్చి, చేల గట్లపై గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉంటారు. వారిలో రక్తపోటు ఉన్నవారుంటారు, క్షయకు మందు వాడుతున్నవారుంటారు, గర్భిణులుంటారు, టీకా వేయవలసిన పసివారుంటారు. కాని వారి మందు వారి స్వగ్రామం ఖాతాలో ఉంటుంది. ఇక్కడి కేంద్రానికి మందులు ఇక్కడి జనాభాను బట్టి వస్తాయి. మనుషులు కదలినంత సులభంగా మాత్రలు కదలవు. అక్కడ మిగులు, ఇక్కడ తగులు. పంట కాలం అందరికీ ముందే తెలిసినదే గదా! రోగి కదిలినప్పుడు అతని అవసరం కూడా అతనితో పాటు కదిలేటట్లు రెండు లెక్కలకూ ముడి వేయడం అసాధ్యమైన పనేమీ కాదు.

పురుగుమందుల మాట కూడా చెప్పుకోవాలి. పత్తికి, మిర్చికి పిచికారీ చేసే ఋతువులో విషం సోకి ఆసుపత్రికి వచ్చేవారికి అట్రోపిన్ సూదిమందు ప్రాణాధారం. తీవ్రంగా విషం సోకిన ఒక్క రోగికే అది పెద్ద మోతాదులో అవసరమౌతుంది. పాముకాటుకు ఇచ్చే విరుగుడు కూడా ఇటువంటిదే. ఈ మందులు సగటు లెక్కకు లొంగవు. సంవత్సరమంతా పెట్టెలో కదలకుండా ఉండి, ఒక్క రాత్రి అంతా ఖర్చయిపోవచ్చు. అటువంటి రాత్రి పొరుగున ఏ ఆసుపత్రిలో ఎన్ని బుడ్లు ఉన్నాయో డ్యూటీ డాక్టరుకు క్షణాలలో తెలియాలి. పదిచోట్లకు ఫోన్లు చేసే వ్యవధి విషానికి ఉండదు.

2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ టాంకరు రాక ఆలస్యమై, ప్రాణవాయువు పీడనం తగ్గిపోగా 11 మంది కోవిడ్ రోగులు మరణించినట్లు అధికారులు ప్రకటించారు. పడకలపై ఎందరున్నారో ఒక లెక్క. గంటకు ఎంత వాయువు ఖర్చవుతున్నదో మరొక లెక్క. టాంకరు ఎక్కడున్నదో ఇంకొక లెక్క. ఈ మూడూ నిమిషాలతో సహా ఒకే తెర మీద ఉండవలసిన లెక్కలని ఆ రాత్రి దేశానికి నేర్పింది. ఎంత వెల చెల్లించి నేర్చుకున్నాము!

అయితే ఇదంతా కొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదు. మన పొరుగు రాష్ట్రమైన తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను నెలకొల్పి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్కు ఇచ్చింది. బ్యాంకు ఖాతా వలె, తనకు కేటాయించిన మొత్తంలో ఎంతకు మందులు తీసుకున్నది, ఇంకెంత మిగిలినది ఆ ఆసుపత్రికి తెలిసేది. ఆఫ్రికాలోని టాంజానియాలో 2009లో మూడు జిల్లాలలోని 129 ఆరోగ్య కేంద్రాలలో ఒక ప్రయోగం జరిగింది. వారానికొకమారు ఆరోగ్య కార్యకర్త మలేరియా మందుల నిల్వను సామాన్య ఫోను ద్వారా సంక్షిప్త సందేశంగా పంపడం, జిల్లా అధికారి దానిని చూచి, ఉన్నచోటు నుండి లేనిచోటుకు మార్పించడం, అంతే ఆ పథకం. మొదటి వారంలో ఏదో ఒక మలేరియా మందు నిండుకున్న కేంద్రాలు నూటికి 78 ఉండగా, 21వ వారానికి 26కు తగ్గినవి. ఖరీదైన యంత్రాలు లేవు. అడిగిన సంఖ్యలు కొద్ది. కాని ఆ సంఖ్యను చూచి కదిలే మనిషి ఒకడున్నాడు.

టీకాల విషయంలో మన దేశమే ఒక మేలైన దారి చూపింది. చాలా టీకాలు 2 నుండి 8 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య ఉండాలి. ఈవిన్ ఏర్పాటులో శీతల పెట్టెకు అమర్చిన పరికరం ఉష్ణోగ్రతను తానే తెలియజేస్తుంది, నిల్వను కార్యకర్త ఫోనులో నమోదు చేస్తారు. 2021 జనవరి 16న కోవిడ్ టీకాలు ప్రారంభమైనప్పుడు ఈ నిల్వల లెక్క పునాది మీదనే కోవిన్ వ్యవస్థ లేచింది. అంతకు ముందు 2020 డిసెంబరు 28, 29 తేదీలలో నాలుగు రాష్ట్రాలలో నమూనా ప్రయత్నం జరుపగా, మన రాష్ట్రం నుండి ఎన్నికైనది పక్కనే ఉన్న కృష్ణా జిల్లా. సీసా లెక్క, సూది వేయించుకున్న మనిషి లెక్క ఒకదానినొకటి పలకరించుకోగలవని అప్పుడు ఋజువైంది. టీకాకు సాధ్యమైనది మాత్రకు ఎందుకు సాధ్యం కాకూడదు?

ఇక మా అభిప్రాయానికి వద్దాం. కలపడం మంచిదే గాని, అన్నిటినీ ఒకేసారి కలపబోవడం తగదు. ఏమి కలపాలో, ఏమి కలపరాదో ముందే వ్రాసుకోవాలి.

మొదట కలపవలసినవి పేర్లు, కొలతలు. ఒకే మాత్రను ఒకచోట పూర్తి పేరుతోను, మరొకచోట పొడి అక్షరాలతోను వ్రాస్తున్నారు. ఒకరు మాత్రలు లెక్కిస్తే, మరొకరు స్ట్రిప్పులు లెక్కిస్తారు, ఇంకొకరు పెట్టెలు లెక్కిస్తారు. ‘పది’ అన్న అంకె ఒకచోట పది మాత్రలు, మరొకచోట వంద మాత్రలు. ఇట్టి లెక్కలను అట్లాగే కలిపితే వచ్చేది కాకిలెక్క మాత్రమే. ఆరోగ్య కేంద్రాల పేర్ల మాట సరేసరి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని తాలూకాలు విడదీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు మూడు జిల్లాలైంది. ప్రకాశంలోని చీరాల, పర్చూరు ప్రాంతాలు బాపట్లకు చేరినవి. ఊరు ఉన్నచోటనే ఉన్నది, జిల్లా పేరు మారింది. ఒక వ్యవస్థ కొత్త పేరును, మరొకటి పాత పేరును పట్టుకుని కూర్చుంటే ఒకే ఆసుపత్రి కంప్యూటరుకు రెండు ఆసుపత్రులుగా తోస్తుంది. కనుక ప్రతి కేంద్రానికీ జిల్లా మారినా మారని ఒక్క సంఖ్య, ప్రతి మందుకూ ఒక్క సంకేతం, ఒక్క కొలత ఉండాలి. 2023 ఆగస్టు 1 నుండి మార్కెట్టులోని 300 ప్రముఖ మందుల బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఆ దారినే ప్రభుత్వ మందులకూ విస్తరింపజేయవచ్చు.

ఇక్కడ మా కళాశాల అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండూ చెవిని పడే ఆవరణ మాది. ఇరువురు కలసి చదువుకోవడానికి ఒకరు తమ భాషను విడిచిపెట్టనక్కరలేదు, నడుమ ఒక మంచి దుబాసీ ఉంటే చాలు. వ్యవస్థల విషయమూ అంతే. అన్నిటినీ పడగొట్టి ఒక్క మహావ్యవస్థ కట్టాలనే వారితో మేము ఏకీభవించము. ఎవరి పుస్తకం వారికి ఉండనీయండి. మధ్యన పేర్లు, కొలతలు ఎరిగిన దుబాసీ ఒకటి చాలు. ఆ మాటకు వస్తే, తెలుగువారి లెక్కల పుస్తకంలో జమ, ఖర్చు, ఖాతా, రసీదు, బాకీ అన్న మాటలన్నీ ఉర్దూ పారశీకాల నుండి వచ్చి స్థిరపడినవే కదా! లెక్క దగ్గర మన రెండు భాషలూ ఎన్నడో అనుసంధానమైనవి.

రెండవది, నిల్వ. ప్రతి కేంద్రంలో ఏ మందు ఎంత ఉన్నది, గడువు ఎప్పటికి, నెలలో ఎన్ని దినాలు అది లేకపోయింది అన్న మూడు సంగతులు జిల్లా గిడ్డంగికే కాక పొరుగు కేంద్రాలకు కూడా కనిపించాలి. ముఖ్యంగా ‘లేని దినాలు’ అన్న గడి తప్పనిసరి. ఆ ఒక్క గడి ఉంటే మేము పైన చెప్పిన 2,400 సంఖ్య మోసం చేయలేదు. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రారంభమైన నాటి నుండి మందు గ్రామం గడపకు చేరాలన్న ఆశయం బలపడింది. ఆశయం మెచ్చదగినదే. అయితే మందు ఉంచే చోట్లు పెరిగిన కొలదీ లెక్క తప్పే చోట్లు కూడా పెరుగుతాయి.

మూడవది, రోగుల సంఖ్య. ఏ చికిత్సలో ఎందరున్నారు, ఈ నెల ఎందరు చేరారు, ఎందరు ముగించారు, ఎందరు వలస వచ్చారు అన్నంత వరకే గిడ్డంగికి చేరాలి. సంఖ్య మాత్రమే చేరాలి, పేరు చేరరాదు. ఇది మేము నొక్కి చెప్పదలచిన మాట. గిడ్డంగి గుమాస్తాకు 40 మంది క్షయ రోగులున్నారని తెలిస్తే మందు పంపడానికి చాలును. ఆ 40 మందిలో ఫలానావారి అమ్మాయి ఉన్నదని తెలియవలసిన పని లేదు. మన పల్లెలలో ఒక ఆడపిల్లకు క్షయ అని పొక్కితే, వ్యాధి ఆరు నెలలలో నయమైనా మాట ఆరేళ్ళకు కూడా మాయదు. వచ్చిన సంబంధం వెనుకకు పోతుంది. హెచ్.ఐ.వి. సంగతి చెప్పనే అక్కరలేదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం ఉన్నదని ఊరుకోక, అసలు ఆ పేర్లు గిడ్డంగి దాకా ప్రయాణం చేయకుండా ఏర్పాటులోనే అడ్డుకట్ట వేయడం ఉత్తమం. పోనివ్వని రహస్యం పొక్కదు.

మందుల సంఖ్యకు కూడా హద్దు ఉండాలి. వందలాది మందులన్నిటితో ప్రారంభిస్తే ఏదీ సాగదు. ప్రాణం నిలిపేవి, నిత్యం వాడవలసినవి ఒక ఇరవై ముప్పది ఎంచుకోవాలి. ఇన్సులిన్, రక్తపోటు, చక్కెర వ్యాధి మాత్రలు, క్షయ మందులు, అట్రోపిన్, పాము విరుగుడు, ప్రసవ సమయంలో రక్తస్రావం ఆపే మందు మొదలైనవి. అవి రెండు పంట కాలాల పాటు ఒక్క జిల్లాలో సక్రమంగా నడచిన మీదట మిగిలినవి చూడవచ్చు. ప్రైవేటు మందుల దుకాణాలు, వైద్య బీమా పద్దులు ఆ తరువాతి మాట. యునానీ, ఆయుర్వేద వైద్యశాలలు ఈ హద్దు లోపలనా, వెలుపలనా అన్నది మాత్రం మొదటి దినమే వ్రాసి ఉంచాలి. మరచిపోయి వెలుపల మిగిలిపోవడం వేరు, ఆలోచించి తరువాతకు ఉంచడం వేరు.

అన్నిటికన్న కష్టమైనది ఇంకొకటి ఉన్నది, అది కంప్యూటరులో లేదు. నిల్వ గడిలో సున్న వేసిన ఫార్మసిస్టుకు పైనుండి సంజాయిషీ మెమో వస్తే, మరుసటి నెల ఆయన సున్న వేయరు. పెట్టెలో రెండు మాత్రలు మిగుల్చుకుని ‘ఉన్నది’ అని వ్రాస్తారు. మెమోకు భయపడి వ్రాసిన లెక్కలను ఎన్ని వ్యవస్థలతో కలిపినా అబద్ధం వేగంగా ప్రయాణం చేస్తుందే గాని నిజం కాజాలదు. సున్నకు మందు రావాలి, మెమో రాకూడదు. అట్లే, ఒకచోట వ్రాసినది మరల మరొకచోట వ్రాయించరాదు. కొత్త వ్యవస్థ వచ్చినప్పుడల్లా పాత రిజిస్టరు పోక, కొత్తది దానిపై చేరుతున్నది. అనుసంధానం అన్నది ఫార్మసిస్టు బల్ల మీద ఒక పుస్తకమైనా తగ్గించకపోతే అది అనుసంధానం కాదు, అదనపు భారం.

కంప్యూటరు లెక్క మందును తయారు చేయదు, నిధులు విడుదల చేయదు, లారీ నడపదు అని కొందరు విజ్ఞులు అనవచ్చును. నిజమే. కొనుగోలులోనే ఆలస్యమైతే ఎంత చక్కని లెక్కయినా చేతులు ముడుచుకుని చూడవలసిందే. అయినను, కొరత రాబోతున్నదని రెండు నెలలు ముందుగా చెప్పగల లెక్కకు, వచ్చిన తరువాత ఏడ్చే లెక్కకు ఎంతో భేదం ఉన్నది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది. మరొక ప్రయోజనం కూడా ఉన్నది. 2025 సెప్టెంబరులో గుంటూరు చెంతనున్న తురకపాలెంలో కొద్ది నెలల వ్యవధిలో వరుసగా జరిగిన మరణాలు రాష్ట్రమంతటినీ కలవరపరచినవి. మెలియాయిడోసిస్ అనే వ్యాధిపై అనుమానం వ్యక్తమైంది. మందుల లెక్క ఒక్కటే ఆ మరణాలను ఆపగలిగేదని మేము అనము. కాని ఒక ఊరికి జ్వరం మందులు, యాంటీబయాటిక్‌లు నెలనెలా అసాధారణంగా పెరుగుతూ పోతుంటే, అది గిడ్డంగికి ఖర్చు మాత్రమే, వైద్యునికి అది హెచ్చరిక. ఆ సంఖ్య గిడ్డంగిలో ఆగిపోక వైద్యుని బల్లకు చేరాలన్నదే మా వాదం.

తోటి విద్యార్థులారా! ఇది అధికారుల పని, మనకేమిటి అనుకోవద్దు. మనలో కామర్స్ చదివేవారికి స్టాకు లెక్క తెలుసు, కంప్యూటరు చదివేవారికి సంకేతాలు తెలుసు, జీవశాస్త్రం చదివేవారికి మందు విలువ తెలుసు. మూడు తరగతుల వారు ఒక్క బల్ల దగ్గర కూర్చుంటే, ఆరోగ్య కేంద్రంలో నింపే పుస్తకాలలో ఏ గడి ఎన్నిసార్లు పునరావృతమౌతున్నదో పట్టిక వేయడం ఒక్క వారం పని. అటువంటి పట్టిక లేకనే పెద్ద పెద్ద ప్రణాళికలు దారి తప్పుతున్నాయి.

మా కళాశాల పాలకవర్గంవారికి సవినయంగా ఒక మనవి. రాబోయే జాతీయ సేవా పథకం శిబిరంలో, జిల్లా వైద్యాధికారుల అనుమతితో, ఒక్క ఆరోగ్య కేంద్రంలో ఈ పని చేయడానికి మాకు అవకాశం కల్పించండి. రోగుల పేర్లు మేము చూడము, అవి మాకు అక్కరలేదు. గడులు లెక్కిస్తాము. దానితో పాటు ఆ కేంద్రం గోడ మీద ఒక నల్లబల్ల పెట్టించి, ముఖ్యమైన ఇరవై మందులు నేడు ఉన్నవో లేవో తెలుగులోను, ఉర్దూలోను వ్రాసే బాధ్యత మాకు అప్పగించండి. లేనిది ఎన్నటికి వస్తుందో, అంతవరకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో దాని పక్కనే వ్రాస్తాము.

మా మిత్రుని నానీమాగారు చదువుకున్నది ఉర్దూ మాత్రమే. ఆ బల్ల నాడు ఉండి ఉంటే ఆమె ఆ దారి మూడుమార్లు నడచి ఉండేవారు కాదు. గొప్ప వ్యవస్థలు నిర్మించేవారు తమ తెరల మీద ఎన్ని రంగుల పటాలు గీచుకున్నా, ఆ పటం చివర ఆమె ఇంటి గుమ్మం ఉన్నదా లేదా అని ఒక్కమారు చూచుకోవాలి. అక్కడికి చేరని లెక్క, ఎంత సరిపోయినా, తప్పు లెక్కే.